ఆ లెక్కలో ‘ఆర్’ ఎంత?



కిందటేడాది జూన్‌లో ఎనిమిదో తరగతికి సింపుల్ ఇంట్రెస్ట్ రివిజన్ చేయిస్తున్నాను. బోర్డు మీద ‘పీ టీ ఆర్ బై హండ్రెడ్’ రాసి, అసలు ఎక్కడ వేయాలి, కాలం ఎక్కడ వేయాలి, వడ్డీ రేటు ఎక్కడ వేయాలి అని చెబుతుంటే వెనక బెంచీలోంచి ఒక బాబు లేచాడు. “మేడం, మా నాన్న రెండు రూపాయల వడ్డీ అంటారు. అప్పుడు ఆర్ ఎంత వేయాలి?”

క్లాసులో కొందరు నవ్వారు. నూటికి నెలకు 2 రూపాయలు, అంటే ఏడాదికి 24, కాబట్టి ఆర్ 24 అని చెప్పాను. వాడు టెక్స్ట్‌బుక్ తిరగేసి, “మరి బుక్‌లో అన్నీ 8, 10, 12 ఉంటాయేంటి మేడం?” అన్నాడు.

నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకంటే మా ఇంట్లోనూ ఒక రెండు రూపాయల వడ్డీ నోటు ఉంది. దాని మీద రెండేళ్లుగా నెలనెలా 3,000 కడుతున్నాం. పిల్లలకి లెక్కలు చెప్పే నేను దాన్ని ఒక్కసారి కూడా 24 శాతం అని అనుకోలేదు. ‘రెండు రూపాయలే కదా, ఊళ్లో మూడు తీసుకుంటున్నారు’ అనే అనుకున్నాను.

ఈ నెల ఇంగ్లీషు పేజీకి రాయమని నన్ను అడిగారు. డబ్బు బాధ ఇంగ్లీషులో చెప్పుకోవడం నాకు చేతకాదు, తెలుగు పేజీ ఇవ్వండి అన్నాను. నేను బ్యాంకు ఉద్యోగిని కాదు, ఫైనాన్స్ చదవలేదు. డిగ్రీ, ఆ తర్వాత బీఈడీ, అంతే. మా పాప ఇప్పుడు ఎల్‌కేజీ, బాబుకి రెండున్నరేళ్లు. మా ఆయన మందుల డిస్ట్రిబ్యూటర్ దగ్గర పనిచేస్తారు. అప్పట్లో ఇద్దరి జీతాలూ కలిపి 55,000. స్కూల్ గేటు దగ్గర మీలో చాలామందితో మాట్లాడుతుంటాను కాబట్టి, మా ఇంటి లెక్క మీకు మరీ కొత్తగా ఉండదనే అనుకుంటున్నాను.

ఒక కాగితం మీద అన్నీ

ఆ రోజు రాత్రి పిల్లలు పడుకున్నాక లాంగ్ నోట్‌బుక్‌లోంచి ఒక కాగితం చింపి నాలుగు గళ్లు గీశాను. ఎవరికి ఇవ్వాలి, ఎంత ఇవ్వాలి, నెలకి ఎంత కడుతున్నాం, అందులో వడ్డీకి పోయేది ఎంత. నాలుగో గడి చాలా ముఖ్యం. మేమెప్పుడూ మూడో గడి దాకానే ఆలోచించాం.

మొదటిది నోటు. మా మామగారికి గుండెకి స్టెంట్లు వేసినప్పుడు తెలిసినవాళ్ల దగ్గర తీసుకున్న 1,50,000. నెలకి 3,000, అదంతా వడ్డీయే. రెండేళ్లలో 72,000 కట్టాం. అసలు మాత్రం ఇంకా 1,50,000.

రెండోది క్రెడిట్ కార్డు. బాబు పుట్టినప్పుడు ఆపరేషన్ బిల్లుతో మొదలైంది. ఇది 40,000 ఉంటుందని నాకు చెప్పారు. ఆ రాత్రి ఫోన్‌లో యాప్ తెరిచి చూపిస్తే 62,000. ఇక్కడ కాసేపు మాటా మాటా అయింది, అదంతా రాయను. మూడోది నా పెళ్లికి అమ్మ పెట్టిన హారం మీద ఫైనాన్స్ కంపెనీలో తీసుకున్న గోల్డ్ లోన్ 90,000. నాలుగోది పర్సనల్ లోన్, నెలకి 5,465 ఈఎంఐ, ఇంకా 1,26,000 మిగిలి ఉంది. ఐదోది ఫోన్ వాయిదాలు, 1,800 చొప్పున ఇంకో 7 నెలలు.

ఆయన దాచిన దాని గురించి అంత గొడవపడ్డాక, నేను కూడా పెన్ను తీసుకుని ఆరో లైన్ రాయాల్సి వచ్చింది. మా పిన్ని దగ్గర చేబదులు 8,000. అది ఆయనకి తెలియదు.

మొత్తం 4,48,600. కానీ మమ్మల్ని కూర్చోబెట్టింది ఆ అంకె కాదు, నాలుగో గడి కింద వచ్చిన మొత్తం. నెలకి 8,380 రూపాయలు వడ్డీకే పోతున్నాయి. ఏడాదికి లక్ష పైన. దాంతో ఒక్క రూపాయి అప్పు కూడా తగ్గదు.

మీరు కూడా రాయాలనుకుంటే ఒక చిన్న మాట. ఏ అప్పులున్నాయో మర్చిపోయామేమో అనిపిస్తే క్రెడిట్ రిపోర్టు తెప్పించుకోండి. సిబిల్ లాంటి నాలుగు క్రెడిట్ సమాచార సంస్థలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల అప్పులన్నీ అందులో కనిపిస్తాయి. నోట్లు, చేబదుళ్లు కనిపించవు. అవి మీరిద్దరే నిజాయితీగా రాసుకోవాలి. భార్యాభర్తలు ఇద్దరూ కూర్చోకుండా ఈ కాగితం రాస్తే అది సగం కాగితమే.

అన్నిటినీ ఒకే భాషలోకి

మన ఇళ్లల్లో వడ్డీ మూడు భాషల్లో మాట్లాడుతుంది. ఊళ్లో రూపాయల్లో, కార్డు కంపెనీ నెలకి ఇంత శాతం అని, బ్యాంకు ఏడాదికి ఇంత శాతం అని. వేర్వేరు భాషల్లో ఉన్నంతకాలం ఏది ఖరీదైనదో తెలియదు. రూపాయి వడ్డీ అంటే ఏడాదికి 12 శాతం, రూపాయిన్నర అంటే 18, రెండు అంటే 24, మూడు అంటే 36.

ఇప్పుడు కార్డు చూడండి. మాది నెలకి 3.5 శాతం. మూడున్నర రూపాయల వడ్డీకి ఎవరైనా అప్పిస్తామని వస్తే మా అత్తయ్యగారు గుమ్మంలోంచే పంపించేస్తారు. అదే కార్డు రూపంలో వచ్చేసరికి పర్సులో పెట్టుకుని తిరిగాం. పైగా ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. మేం ప్రతి నెలా ‘మినిమం’ 3,100 కడుతున్నాం, బాకీ లేదనుకుంటున్నాం. అందులో వడ్డీ 2,170, దాని మీద జీఎస్టీ 390. అసలులోకి వెళ్లేది 540. ఇంకో సంగతి చాలామందికి తెలియదు. బిల్లు మొత్తం కట్టకుండా కొంత మిగిలిస్తే, కొత్తగా కొన్నవాటికి కూడా వడ్డీ లేని గడువు ఉండదు. కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. అంటే మేం ఆ కార్డుతో కొన్న పాలపొడికి కూడా వడ్డీ కట్టాం.

‘ఫ్లాట్ వడ్డీ’ అనేది నాలుగో భాష. మా స్టాఫ్ రూమ్‌లో ఒక మేడం స్కూటీకి 12 శాతం ఫ్లాట్ అని లోన్ తీసుకున్నారు, మూడేళ్లకి. లక్షకి ఏడాదికి 12,000 చొప్పున 36,000 వడ్డీ కలిపి 36 వాయిదాలు చేశారు. నెలకి 3,778. వినడానికి రూపాయి వడ్డీయే. కానీ నెలనెలా అసలు తగ్గుతూ వస్తున్నా వడ్డీ మాత్రం చివరి నెల దాకా మొత్తం లక్ష మీదే వేశారు. బ్యాంకు పద్ధతిలో లెక్క వేస్తే అది 21 శాతం పైనే తేలుతుంది. స్టాఫ్ రూమ్‌లో ముగ్గురు మ్యాథ్స్ టీచర్లం కూర్చుని ఇది తేల్చడానికి ఒక లీజర్ పీరియడ్ మొత్తం పట్టింది.

అంత కష్టపడక్కర్లేకుండా ఇప్పుడు ఒక వీలుంది. 2024 అక్టోబర్ 1 నుంచి బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీలు మనలాంటివాళ్లకి లోన్ ఇచ్చేటప్పుడు ‘కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్’ అనే కాగితం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంక్ నియమం పెట్టింది. అది మనకి అర్థమయ్యే భాషలో ఉండాలి. అందులో ఏపీఆర్ అని ఒక అంకె ఉంటుంది. ప్రాసెసింగ్ ఫీజులూ అవీ కలుపుకుని ఏడాదికి నిజంగా పడే ఖర్చు అది. షోరూమ్‌లో కుర్రాడు ఈఎంఐ ఎంతో చెబుతుంటే, ఏపీఆర్ ఎంత అని అడగండి.

మా కాగితం మీద ఒకే భాషలో రాశాక వరస ఇలా వచ్చింది. కార్డు 42, జీఎస్టీతో కలిపితే ఇంకా పైన. నోటు 24. గోల్డ్ లోన్ 18. పర్సనల్ లోన్ 14. ఫోను, పిన్ని సున్నా.

చిన్న అప్పులు ముందు తీర్చేస్తే మనసు తేలికవుతుందని మా ఆయన అన్నారు. అది తప్పని అనను. వడ్డీల్లో పెద్ద తేడా లేకపోతే అలాగే చేయొచ్చు. కానీ 42 శాతం పక్కన పెట్టుకుని సున్నా శాతం ఫోన్ బాకీ ముందే తీర్చడం నాకు ఒప్పలేదు. కార్డు ముందు, నోటు తర్వాత అని నిర్ణయించాం. ఇల్లు లోన్ ఉన్నవాళ్లకి ఇదే వరసలో అది చివరికి వస్తుంది. ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్ ముందే కట్టినా జరిమానా వేయకూడదన్న నిబంధన ఉంది కాబట్టి, మిగతావి తీరాక నింపాదిగా దాని సంగతి చూసుకోవచ్చు.

చీటీ పాడాలా, ఆగాలా

కార్డుకి 62,000 ఒక్కసారి ఎక్కడినుంచి వస్తాయి? మాకు ఒక లక్ష రూపాయల చీటీ ఉంది. 20 నెలలు, నెలకి 5,000. అప్పటికి 12వ నెల. పాప పేరు మీద చివరిదాకా ఆగుదామనుకున్నాం. ఆగితే కంపెనీ కమీషన్ 5 శాతం పోను 95,000 వస్తాయి. ఆ నెల 12,000 వదులుకుని పాడితే చేతికి 88,000.

మా అత్తయ్యగారు “7,000 ఊరికే పోగొట్టుకుంటారా” అన్నారు. ఆవిడ అడిగింది సరైన ప్రశ్నే. కాగితం మీద వేసి చూపించాను. ఆ 88,000 రెండు రూపాయల వడ్డీలో తగ్గించినా ఎనిమిది నెలల్లో 14,080 మిగులుతాయి. కార్డులో తగ్గిస్తే అంతకంటే ఎక్కువ. 7,000 పోయినా 14,000 మిగిలితే నష్టం ఎక్కడిది? ఆవిడ లెక్క చూసి, “అయితే పాడండి, కానీ ఇంకో చీటీ వేయకండి” అన్నారు. జూలైలో పాడాం. జామీనుకి నాతో పనిచేసే ఇద్దరు మేడమ్‌లు సంతకాలు పెట్టారు, ఆ మేలు మర్చిపోలేను. మీరు చీటీ వేస్తుంటే అది చిట్‌ల రిజిస్ట్రార్ దగ్గర రిజిస్టర్ అయిందో లేదో ముందు చూసుకోండి. చట్టప్రకారం కమీషన్ 7 శాతం దాటకూడదు.

88,000లో 62,000 కార్డుకి పోయాయి. కార్డు బీరువాలో పాత చీరల కింద పెట్టాం. 10,000 పక్కన ఉంచాం. మిగిలిన 16,000 నోటు మీద కట్టాం.

ఆ 10,000 పక్కన ఉంచడం లెక్క ప్రకారం తప్పే, నోటు మీద కడితే నెలకి 200 మిగిలేవి. కానీ చిన్న పిల్లలున్న ఇంట్లో లెక్క ఒక్కటే చాలదు. అక్టోబర్‌లో బాబుకి డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయి మూడు రోజులు హాస్పిటల్‌లో ఉన్నాం. బిల్లు 14,000. ఆ 10,000కి ఆ నెల జీతంలోంచి 4,000 కలిపాం. కార్డు మాత్రం బీరువా దాటలేదు. నాకు ఈ ఏడాది మొత్తంలో అన్నిటికంటే గొప్పగా అనిపించింది అదే.

మళ్లీ ఆ 10,000 కూడబెట్టడానికి పాప సుకన్య సమృద్ధి ఖాతా వాడాం. వాడాం అంటే తీసింది కాదు, నెలకి వేసే 1,000 ఆపాం. ఏడాదికి కనీసం 250 వేస్తే ఖాతా నడుస్తుంది. 8 శాతం చుట్టూ వచ్చే చోట దాస్తూ 24 శాతం కట్టుకుంటూ పోవడం ఎందుకని. ఆడపిల్ల డబ్బు ఆపారని ఇంట్లో కొంచెం నొచ్చుకున్నారు. నాకూ బాధేసింది. నోటు తీరిన నెల నుంచి మళ్లీ మొదలుపెడతాం.

నోటు వెనక చెల్లు

అప్పులవాళ్లు కొద్దికొద్దిగా అసలు తీసుకోవడానికి అంత ఇష్టపడరు. “ఇచ్చేదేదో ఒకేసారి ఇవ్వమ్మా” అంటారు. నెలనెలా వడ్డీ వచ్చే సొమ్ము వాళ్లెందుకు తగ్గించుకుంటారు! మాకు నోటిచ్చిన పెద్దాయన మంచివారే, ఆయన కూడా అదే అన్నారు. చివరికి పదివేలకి తక్కువ కాకుండా ఇస్తే తీసుకుంటానన్నారు. అందుకని కార్డుకి కట్టే 3,100, నోటు వడ్డీలో తగ్గింది, అంతా వేరే ఖాతాలో వేసి, 10,000 అవగానే తీసుకెళ్లి ఇచ్చేవాళ్లం. ఇచ్చిన ప్రతిసారీ నోటు వెనక చెల్లు రాయించి, తేదీ వేయించి, ఫోన్‌లో ఫొటో తీసుకున్నాం. తెలిసినవాళ్లే కదా అని మొహమాటపడకండి. తెలిసినవాళ్లు కాబట్టే రాయించుకోవాలి.

ఇంకొకటి. మూడేళ్లు నిండబోతుంటే నోటు తిరగరాయమంటారు. అప్పటికి బాకీ ఉన్న వడ్డీని అసలులో కలిపి రాస్తే, అక్కడినుంచి వడ్డీకి వడ్డీ. ఎనిమిదో తరగతిలో కాంపౌండ్ ఇంట్రెస్ట్ అని మేం చెప్పేది అదే. కొత్త నోటు మీద సంతకం పెట్టేముందు పాత నోటు వెనక్కి తీసుకుని చింపేయండి.

సంక్రాంతికి పిన్ని డబ్బులు ఇచ్చేశాం. ఆ లోపు ఫోన్ వాయిదాలు అయిపోయాయి, ఫిబ్రవరితో చీటీ అయిపోయింది. ఆ 1,800, ఆ 5,000 జీతంలో కలిసిపోనివ్వకుండా మార్చి నుంచి నోటుకే మళ్లించాం. నిజం చెప్పాలంటే ఆ నెల ఏసీ కొందామని ఇద్దరికీ అనిపించింది. ఎండలు మీకు తెలుసు కదా. కూలర్‌కి కొత్త గడ్డి వేయించాం.

గోల్డ్ లోన్ సంగతి మాత్రం త్వరగా తేలింది. ఫైనాన్స్ కంపెనీలో రూపాయిన్నర. బ్యాంకులో అడిగితే తొమ్మిదిన్నర శాతం అన్నారు. ముందు హారం విడిపిస్తేగానీ బ్యాంకులో పెట్టలేం. మా తమ్ముడు ఒక్క రోజుకి 90,000 సర్దాడు. పొద్దున విడిపించి, మధ్యాహ్నానికి బ్యాంకులో పెట్టి, సాయంత్రానికి వాడి డబ్బు వాడికి వేసేశాం. ఒక్క పూట సెలవుతో నెలకి 640 తగ్గింది. ఈ పని రెండేళ్ల ముందే ఎందుకు చేయలేదో నాకే తెలియదు.

లోన్ యాప్‌ల జోలికి మాత్రం పోకండి. డబ్బిచ్చేముందు ఫోన్‌లో కాంటాక్ట్‌లు, ఫొటోలు చూడటానికి పర్మిషన్ అడిగే యాప్ ఏదైనా సరే, అక్కడే ఆపేయండి. ఇప్పటికే వాయిదా తప్పి ఫోన్లు వస్తున్నవాళ్లకి ఒక విషయం. రికవరీ ఏజెంట్లు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ చెప్పింది. బెదిరిస్తే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వ్ బ్యాంక్ అంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లో పెట్టొచ్చు.

ఫీజు, పుట్టినరోజు, పిల్లలు

ఇది స్కూల్ పత్రిక. ఇందులో ఫీజు గురించి రాయడం నాకు కొంచెం ఇబ్బందే. కానీ మీ కాగితం మీద ఫీజు కూడా ఒక లైనే కదా. మూడు రూపాయల వడ్డీకి తెచ్చి టర్మ్ ఫీజు కట్టామని ఒక అమ్మ నాతో చెప్పినప్పుడు ఏం మాట్లాడాలో తెలియలేదు. ఆఫీసులో ఏం వెసులుబాటు ఇస్తారో నేను మాట ఇవ్వలేను. కానీ అప్పు తెచ్చే ముందు, గడువు దాటక ముందు వచ్చి అడగండి. గడువు అయిపోయాక అడగడం కంటే అది తేలిక. జబ్బు చెప్పి రాదు గానీ ఫీజు ఏ నెలలో వస్తుందో ముందే తెలుసు. ఏడాది మొత్తాన్ని 12తో భాగించి నెలనెలా ఆర్‌డీ వేస్తే జూన్‌లో చేతులు చాచాల్సిన పని ఉండదు. 45,000 అయితే నెలకి 3,750.

పుట్టినరోజు రిటర్న్ గిఫ్టుల గురించి క్లాస్ టీచర్‌గా ఒక రహస్యం చెబుతాను. లంచ్ తర్వాత సగం గిఫ్టులు బెంచీల కింద దొరుకుతాయి. మా పాప పుట్టినరోజుకి ఈసారి ఇంట్లో పులిహోర, సేమ్యా పాయసం చేసి, పక్కింటి పిల్లల్ని పిలిచాం. పాపకి గుర్తున్నది బెలూన్ పగిలి తాతయ్య ఉలిక్కిపడటం.

పిల్లలకి అప్పుల గురించి చెప్పాలా అని కొందరు అడుగుతారు. మా నాలుగేళ్ల పాపకి “ఇప్పుడు కొనం” అని మాత్రమే చెబుతాం. “మన దగ్గర డబ్బుల్లేవు” అని ఏడుపు గొంతుతో చెప్పం. ఏడు, ఎనిమిది చదివే పిల్లలకి మాత్రం చెప్పొచ్చనే నా అభిప్రాయం. మీరు చెప్పకపోయినా వాళ్లకి తెలుసు. రెండు రూపాయల వడ్డీ గురించి అడిగిన బాబుకి ఇంట్లో ఎవరూ పాఠం చెప్పలేదు, గోడ అవతలినుంచి విన్నాడు. కరెంటు బిల్లు, పాల లెక్క వాళ్ల చేత వేయించండి. బాకీ మొత్తం చెప్పి భయపెట్టక్కర్లేదు.

తర్వాత కాంపౌండ్ ఇంట్రెస్ట్ చెప్పినప్పుడు కార్డు మినిమం లెక్క పేరు చెప్పకుండా బోర్డు మీద వేశాను. 62,000 అసలు, నెలకి 3,100 కడితే తగ్గేది 540. అదే బాబు, “వీళ్లకి ఎవరూ చెప్పలేదా మేడం?” అన్నాడు. చెప్పారులే, కూర్చో అన్నాను.

ఈ ఆగస్టు నాటికి మా నోటు వెనక తొమ్మిది చెల్లులు పడ్డాయి. 54,000 మిగిలింది. నెల వడ్డీ 3,000 నుంచి 1,080కి దిగింది. హారం ఇంకా బ్యాంకులోనే ఉంది. నోటు తీరాక దాని వంతు.